ట్రయల్స్ బండి కోసం పెదనాన్నగారి బుల్లెట్‌ను కోయాలా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేస్తున్నాను. మా పెదనాన్నగారు కాలువల మీద ఓవర్సీరుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ వాడిన 350 సీసీ బుల్లెట్, 1969 మోడల్, మా కొబ్బరి పాకలో పడి ఉంది. 1996 నవంబరు తుపానుకు పాక కూలి దాని మీద పడినప్పటి నుంచి ఎవరూ నడపలేదు. పెదనాన్నగారు కాలం చేసి చాలా ఏళ్లయింది. 2022 జూలై వరదకు బండి చక్రాల ఇరుసుల దాకా నాలుగు రోజులు నీళ్లలో నిలిచింది. ఇప్పుడు కిక్కర్ కదలడం లేదు. రాళ్ల మీద, బురదలో, కాలు ఆనించకుండా నిదానంగా నడిపే ట్రయల్స్ బండ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. సెలవుల్లో దీన్ని అలాంటి బండిగా మార్చుకోవాలని ఉంది. మా మెకానిక్ మాత్రం వెనుక ఫ్రేము కోసి పొట్టి చేయాలనీ, ఇంజన్ ఎలాగూ పోయింది కాబట్టి వేరేది వేసుకోవాలనీ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, ముందు ఆ ఫ్రేము మీద రంపం పెట్టనివ్వకండి. ఇంజన్ పోయిందో లేదో కూడా ఇంకా ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని విప్పి చూసినవారు లేరు. మీ కోరిక తప్పు కాదు, బండి ఎంపిక అంతకన్నా తప్పు కాదు. కానీ మీరు చేయబోయే ప్రతి మార్పూ, రేపు మీ అబ్బాయికో మనవడికో పాత బండి కావాలనిపిస్తే, స్పానర్లతో ఒక్క మధ్యాహ్నంలో వెనక్కి తీసేయగలిగేదిగా ఉండాలి. ఈ ఒక్క షరతుకు మీరు ఒప్పుకుంటే మిగతా సంగతులు మాట్లాడుకోవచ్చు.

బుల్లెట్‌ను ట్రయల్స్ బండిగా మార్చడం అనే మాటే నాకు కాస్త తలకిందులుగా వినిపిస్తుంది, ఎందుకంటే మీ పాకలో ఉన్న బండి వంశం ట్రయల్స్ మైదానంలోనే జనం ముందుకు వచ్చింది. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కర్మాగారంవారు వెనుక చక్రం పైకీ కిందికీ ఆడేలా స్వింగింగ్ ఆర్మ్, షాక్ అబ్జార్బర్లు పెట్టిన కొత్త బుల్లెట్‌ను 1948 ఫిబ్రవరిలో కోల్‌మోర్ కప్ ట్రయల్‌కు తీసుకువెళ్లారు. ఆ రోజుల్లో ట్రయల్స్ నడిపేవారు వెనుక చక్రం ఫ్రేముకు బిగుసుకుని ఉంటేనే నేలమీద పట్టు ఉంటుందని నమ్మేవారు కనుక చాలామంది పెదవి విరిచారు. అదే సంవత్సరం ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో బ్రిటిష్ జట్టు తరఫున ఈ బుల్లెట్లను నడిపిన చార్లీ రోజర్స్, విక్ బ్రిటెయిన్ ఇద్దరూ బంగారు పతకాలు తెచ్చాక ఆ పెదవులు సర్దుకున్నాయి. విక్ కొడుకు జానీ బ్రిటెయిన్ 350 బుల్లెట్ మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను 1952లోనూ 1957లోనూ గెలిచాడు. 1965లో సామీ మిల్లర్ స్పెయిన్ దేశపు తేలికైన టూ స్ట్రోక్ బుల్టాకో మీద అదే పోటీ గెలవడంతో బరువైన ఫోర్ స్ట్రోక్ బండ్ల శకం ముగిసింది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. మద్రాసులో 1955 నుంచి తయారవుతున్న బుల్లెట్ మాత్రం ఆగలేదు. అంటే మీ 1969 బండి పుట్టింటి తలుపులు మూతపడ్డాక మేనమామ ఇంట పుట్టిన బిడ్డ అన్నమాట.

ట్రయల్స్ గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. ఇందులో వేగానికి విలువ లేదు. రాళ్లు, చెట్ల వేళ్లు, వాగులు ఉన్న చోట గజాల లెక్కన కొలిచే చిన్న చిన్న సెక్షన్లు గుర్తుపెడతారు. సెక్షన్‌లో కాలు ఒకసారి నేలకు ఆనిస్తే ఒక మార్కు, పదేపదే ఆనిస్తే మూడు, ఆగిపోయినా పడిపోయినా అయిదు. చివరకు ఎవరికి తక్కువ మార్కులు వస్తే వారు గెలిచినట్టు. లెక్కల మాస్టారికి ఈ తిరగబడిన మార్కుల పద్ధతి నచ్చుతుందనుకుంటాను. ఇక మీ పెదనాన్నగారి సంగతి చూడండి. కాలువ గట్ల మీద, తూముల పక్కన, వానాకాలం మోకాలి లోతు ఒండ్రులో, కాలు దింపితే బూటు పోతుందన్న భయంతో మొదటి గేరులో నిదానంగా బండిని నెట్టుకు వచ్చిన ఓవర్సీరు మార్కులు లేకుండానే ట్రయల్స్ ఆడాడు. ఆ బండి మీద ఉన్న సొట్టల్లో కొన్నయినా అక్కడివే అయి ఉంటాయి. వాటిని పుట్టీ పెట్టి మూసేయాలని తొందరపడకండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. కిక్కర్ మీద ఇక కాలు పెట్టకండి. బిగుసుకున్న ఇంజన్ మీద మనిషి బరువంతా వేస్తే విరిగేది లోపలి కిక్కర్ పళ్లే, పిస్టన్ మాత్రం కదలదు. బండిని బయటకు లాగి వాటర్ సర్వీసింగ్‌కు కూడా ఇవ్వకండి, ఎండిన ఒండ్రును ఆ నీటి వేగం బేరింగుల్లోకి తోస్తుంది. బండి ఎక్కడ ఉందో అక్కడే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి, ముఖ్యంగా వైర్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో, కేబుళ్లు ఏ బోల్టు పక్కగా వెళుతున్నాయో కనిపించేలా. ఆ తరువాత పొడి బ్రష్షుతో, వెదురు పుల్లతో ఒండ్రును గీకి తీయండి. వరద గీత చక్రం ఇరుసు మట్టంలో ఉందంటున్నారు. సెంటర్ స్టాండు మీద ఉన్న బుల్లెట్‌కు ఆ మట్టం క్రాంక్ షాఫ్టుకు అటూ ఇటూగా వస్తుంది. అంటే గేరుబాక్సు, ఎడమ వైపు ప్రైమరీ చైన్ ఉండే డబ్బా, ఇంజన్ కింది సగం నీళ్లలో ఉన్నాయి. సిలిండరు, హెడ్డు, కార్బొరేటర్, టాంకీ మునగలేదు. గోదావరి వరద నీరు ఉప్పునీరు కాకపోవడం మీ అదృష్టం.

బుల్లెట్‌లో ఇంజన్ ఆయిలుకు వేరే ట్యాంకు లేదు. క్రాంక్ వెనుక అదే పోతలో ఒక గది ఉంటుంది, రెండు లీటర్లకు పైగా నూనె అందులోనే నిలవ ఉంటుంది. నీరు నూనెకన్నా బరువు కాబట్టి లోపలికి వెళ్లి ఉంటే అడుగున కూర్చుని ఉంటుంది. అందుచేత మీ మొదటి పని కిక్కర్ కాదు, డ్రెయిన్ బోల్టు. వెడల్పు మూతి ఉన్న గాజు సీసాను కింద పెట్టి బోల్టును కొద్దికొద్దిగా వదలండి. ముందుగా తేట నీరు వచ్చి, వెనుక నల్లటి నూనె వస్తే నీరు చేరింది కానీ నూనెలో కలవలేదని అర్థం. పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కటి ముద్ద దిగితే రెండూ కలిశాయని, బేరింగుల మీద తుప్పు ఉండవచ్చని అర్థం. మొదటి నుంచీ నూనె ఒక్కటే వస్తే ఆ రోజు సాయంత్రం ఇంట్లోవారికి పూతరేకులు తెచ్చిపెట్టండి. ప్రైమరీ డబ్బాకూ, గేరుబాక్సుకూ వేరే సీసాలు పెట్టి ఇదే పరీక్ష చేయండి. సీసాల మీద చీటీలు అంటించి ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి పొరలు విడిపోయి ఏది ఎంత ఉందో గాజులోంచి కనిపిస్తుంది.

స్పార్క్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే పిస్టన్ తల కొంత కనిపిస్తుంది. డీజిలు, ఇంజన్ ఆయిలు సగం సగం కలిపి ఒక టీ గ్లాసెడు అందులో పోసి, గుడ్డ కుక్కి, పది రోజులు ఆగండి. రోజు విడిచి రోజు కొంచెం పోస్తూ ఉండండి. అది పిస్టన్ రింగుల చుట్టూ ఇంకి తుప్పును వదులు చేయాలి, ఆ పని గంటల్లో జరిగేది కాదు. ఈలోగా పైన వాల్వులను నొక్కే రాకర్ల మూతలు విప్పి వాల్వుల కాండాల మీద కూడా నూనె వేయండి. ఇరుక్కున్న వాల్వు ఉండగా ఇంజన్‌ను తిప్పితే పుష్ రాడ్లు వంగిపోతాయి. కాబట్టి రాకర్లను తీసి పక్కన పెట్టి పుష్ రాడ్లను వదులుగా ఉంచడం మంచిది. పదకొండో రోజున బండిని నాలుగో గేరులో వేసి, వెనుక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, ముందుకు ఒక అంగుళం, వెనక్కి ఒక అంగుళం, ఊయల ఊపినట్టు ఊపండి. పెద్ద చక్రం నుంచి వచ్చే ఆ మెత్తటి తోపుడు కిక్కర్ ఇచ్చే దెబ్బకన్నా ఎంతో నయం. మొదట ఏమీ జరగదు. తరువాత ఎప్పుడో ఒకసారి ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న నూనె బుడగ పైకి వచ్చి పగులుతుంది. ఆ బుడగ వచ్చిందంటే పిస్టన్ కదిలినట్టే. అక్కడ ఆగి, మళ్లీ నూనె పోసి, మర్నాడు కొనసాగించండి.

ఈ ఓపిక నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పాతికేళ్ల వయసులో ఇలాంటి ఇంజన్ ఒకటి చేతికి వస్తే, హెడ్డు తీసి పిస్టన్ మీద కొబ్బరి దుంగ ముక్క పెట్టి సుత్తితో కొట్టాను. నాలుగో దెబ్బకు పిస్టన్ దిగింది. దిగుతూ దిగుతూ ముక్కలైన రింగు ఒకటి బోరును పైనుంచి కిందిదాకా వేలు పట్టేంత లోతుగా గీసింది. దానికి స్లీవు వేయించడానికి మూడు నెలల జీతం పోయింది. ఆ రింగు ముక్క ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది.

పిస్టన్ కదిలాక సిలిండరు విప్పి చూడవలసిందే. ఇక్కడ మీకు ఒక సలహా చెబుతాను, దీన్ని మీ మెకానిక్ ఒప్పుకోకపోవచ్చు. సిలిండరు కొలతకు మోటారు సైకిలు షాపుకు వెళ్లకండి, వరి చేలల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే పాత మేస్త్రీ దగ్గరకు వెళ్లండి. డెల్టాలో ప్రతి పెద్ద ఊళ్లోనూ, రావులపాలెంలో, తణుకులో, నరసాపురంలో, పంపులకూ పడవలకూ బిగించే సింగిల్ సిలిండర్ ఇంజన్ల మీద జీవితమంతా గడిపినవారు ఇంకా ఉన్నారు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, బరువైన ఫ్లైవీలు ఉన్న మీ బుల్లెట్ ఇంజన్ స్వభావానికి ఇప్పటి బైకుల కన్నా ఆ పంపు ఇంజన్లకే దగ్గరి చుట్టం. బోరు గుండ్రంగా ఉందో కోలగా అరిగిందో మైక్రోమీటరుతో నాలుగు చోట్ల కొలిచి చెప్పడం వారికి రోజూ చేసే పని. ఇంకొక లాభం కూడా ఉంది. మీ బండి బోల్టుల్లో చాలావాటికి మరలు బ్రిటిష్ కొలతల్లో ఉంటాయి, ఇప్పటి మిల్లీమీటర్ల స్పానర్లు వాటి మూలలను అరగదీస్తాయి. ఆ కొలతలకు సరిపడే విట్‌వర్త్ స్పానర్లు పాత రైస్ మిల్లు మేస్త్రీల పెట్టెల్లో దొరికినంత సులువుగా పట్నం షాపుల్లో దొరకవు.

కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉండే బిగ్ ఎండ్‌ను చేత్తో పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, నిలువుగా టక్కుమని ఆడితే మాత్రం క్రాంక్ విప్పించాలి. బుల్లెట్‌లో అక్కడ రోలర్లు ఉండవు, నూనె పొర మీద తేలే బుష్ ఉంటుంది. ఆ బుష్‌కు నూనె అందకపోతే దాని ఆయుష్షు నిమిషాల్లో లెక్క. అందుకని ఇంజన్ తిరిగి బిగించాక, తొలిసారి మొదలుపెట్టే ముందు, కుడి వైపు టైమింగ్ కవరులోని పంపులను విప్పి, శుభ్రం చేసి, నూనెతో నింపి, క్రాంక్‌కు నూనె వెళ్లే చోట ఉండే కార్క్ వాషరును కొత్తది వేసి, ప్లగ్గు లేకుండా కిక్కర్‌తో యాభై అరవై సార్లు నెమ్మదిగా తిప్పండి. హెడ్డు మీద రాకర్లకు నూనె మోసే సన్నటి గొట్టం బోల్టును కొద్దిగా వదిలి ఉంచితే, పంపు పనిచేస్తున్నప్పుడు అక్కడ నూనె చెమ్మ కనిపిస్తుంది. అది కనిపించేదాకా ప్లగ్గు బిగించకండి.

తుప్పు సంగతి మన ప్రాంతంలో విడిగా చెప్పాలి. సముద్రం గాలి తెచ్చే ఉప్పు సన్నటి పొరగా ఇనుము మీద కూర్చుని, గాలిలో తేమను పీల్చి, తుప్పు గుంటల్లోపల చేరుతుంది. పైన ఎంత రుద్దినా గుంటలో ఉప్పు మిగిలితే, రంగు వేసిన ఆరు నెలలకు ఆ రంగు కిందనుంచే పొక్కులు లేస్తాయి. పైగా మీ బండి కొబ్బరి పీచు మధ్య ఉంది, పీచు తేమను వదలదు. కాబట్టి ఇనుప భాగాలను ఇసుక బ్లాస్టింగ్‌కు పంపే ముందూ, పంపిన తరువాతా మంచినీటితో కడిగి వెంటనే ఆరబెట్టాలి. మంచినీరు అంటే నిజంగా మంచినీరే. కోనసీమలో సముద్రం వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే తుప్పును పోగొట్టే పేరుతో కొత్త ఉప్పు పూసినట్టే. పట్టిపెట్టిన వాన నీళ్లు శ్రేష్ఠం, లేకుంటే వడకట్టిన కాలువ నీళ్లు.

చిన్న ఇనుప భాగాలకు, అంటే బ్రాకెట్లు, టూల్ బాక్సు, స్టాండు, చైన్ గార్డు వంటివాటికి, మన దగ్గర దొరికే మందు ఒకటి ఉంది: పంచదార మిల్లులో మిగిలే మడ్డి, మొలాసిస్ అంటారే అది. ఒక వంతు మడ్డికి తొమ్మిది పది వంతుల నీళ్లు కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, భాగాలను పూర్తిగా మునిగేలా వారం నుంచి రెండు వారాలు ఉంచండి. అది తుప్పును కరిగించి తీసుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్న ఇనుమును పెద్దగా ముట్టుకోదు. వాసన భరించాలి, డ్రమ్ము మీద మూత పెట్టకపోతే ఊళ్లోని చీమలూ ఈగలూ మీ ఇంటికే విందుకు వస్తాయి. అల్యూమినియం భాగాలనూ కార్బొరేటర్‌నూ మాత్రం పొరపాటున కూడా అందులో వేయకండి, మడ్డి వాటిని తినేస్తుంది.

పెట్రోలు టాంకీ లోపలి తుప్పుకు విద్యుత్తు పద్ధతి మెరుగు. టాంకీలో నీళ్లు నింపి, లీటరుకు ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలిపి, మూతి దగ్గర ప్లాస్టిక్ ముక్కతో టాంకీకి తగలకుండా ఒక ఇనుప కడ్డీని వేలాడదీసి, బ్యాటరీ చార్జరు పాజిటివ్‌ను కడ్డీకీ నెగటివ్‌ను టాంకీకీ కలపాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడకండి, దానిలోంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. ఈ పనిలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయట చేయాలి. ముప్పై ఏళ్ల నాటి పెట్రోలు వాసన కూడా మిగలకుండా టాంకీని ముందే రెండు మూడు సార్లు సబ్బు నీళ్లతో కడిగి ఉండాలి. ఇందులో అశ్రద్ధ పనికిరాదు.

అల్యూమినియం కవర్లను బఫింగ్‌కు ఇచ్చేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొన్నేళ్ల క్రితం నా ఇంజన్ కేసును ఒక పట్నంలో బఫింగ్ చేసే చోట ఇచ్చాను. అద్దంలా మెరిపించి తిరిగి ఇచ్చారు, చూస్తే గుద్దిన ఇంజన్ నంబరులో రెండు అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఆ రెండు అంకెల కోసం తరువాత నేను రాసిన అర్జీలు, తిరిగిన తిరుగుళ్లు ఇక్కడ చెబితే మీరు బండి ఆలోచనే మానుకుంటారు. నంబర్లు ఉన్న భాగం ఏదీ మీ ఇల్లు దాటి వెళ్లకూడదు. దాన్ని కిరసనాయిలు, మెత్తటి బ్రష్షుతో మీరే శుభ్రం చేసుకోండి. బొమ్మలా మెరిసే ఇంజన్ కాలువ గట్టు మీద ఒక్క వానకే మసకబారుతుంది, దానికోసం ఆశపడటం దండగ.

వైరింగ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: ఎలుకలు కొరికిన పాత తీగలను అతకడం కన్నా కొత్త హార్నెస్ వేయడం తేలిక. ప్లగ్గులో నిప్పురవ్వ సమయాన్ని నిర్ణయించే పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంచండి, కండెన్సరు మార్చండి. కార్బొరేటర్ గొట్టాలూ వాషర్లూ కొత్తవి వేసేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు అడిగి తీసుకోండి, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలో తేమను టాంకీలోకి తెస్తుంది. నెల రోజులకు మించి నడపరనుకుంటే టాంకీనీ కార్బొరేటర్‌నూ ఖాళీ చేసి పెట్టండి. రంగు వేయడానికి సంక్రాంతి వెళ్లి మంచు తగ్గాక, ఎండ ఎక్కిన తరువాత, మూడు గంటల లోపు సమయం చూసుకోండి. వానాకాలంలో వేసిన రంగు తెల్లగా పాలిపోతుంది.

ఇంజన్ ప్రాణం పోసుకునే రోజున మీ పెదనాన్నగారు చేసిన తంతునే చేయండి. తాళం తిప్పితే హెడ్‌లైటు పైన ఉన్న అమ్మీటరు ముల్లు ఎడమకు వాలుతుంది. కిక్కర్‌ను నెమ్మదిగా అదుముతూ ఉంటే పాయింట్లు విడిపోయే క్షణంలో ముల్లు మధ్యకు వస్తుంది. అక్కడ ఆగి, సిలిండరులో ఒత్తిడిని వదిలే డీకంప్రెషర్ లివరు నొక్కి పట్టుకుని కిక్కర్‌ను ఇంకొక పిసరు దించి, లివరు వదిలి, కిక్కర్‌ను పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు తోపు తోయాలి. ముల్లును పట్టించుకోకుండా కొడితే కిక్కర్ ఎదురు తన్ని చీలమండను ఏం చేస్తుందో గోదావరి జిల్లాల్లో పాత బుల్లెట్ వారందరికీ తెలుసు. తరువాత చల్లారిన ఇంజన్‌లో పుష్ రాడ్లను పరీక్షించండి: వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

ఇంత అయ్యాకనే ట్రయల్స్ వేషం. జానీ బ్రిటెయిన్ బండిలోనూ మీ బండిలోనూ ఇంజన్ స్వభావం ఒకటే: బరువైన ఫ్లైవీలు వల్ల, నడక వేగంలో, ఒక్కొక్క పేలుడూ లెక్కపెట్టగలిగేంత నిదానంలో కూడా ఇంజన్ ఆగిపోకుండా లాగుతుంది. తేడా ఉన్నది గేరింగ్‌లో, బరువులో, కూర్చునే తీరులో. గేరింగ్ కోసం ముందు స్ప్రాకెట్‌ను, అంటే చైను తిప్పే పళ్ల చక్రాన్ని, ఒకటి రెండు పళ్లు తక్కువున్నది వేయండి. దానికోసం ప్రైమరీ డబ్బా, క్లచ్చు విప్పాలి కాబట్టి ఆ డబ్బా శుభ్రం చేసే రోజునే ఈ పని ముగించండి. వెనుక స్ప్రాకెట్ బ్రేకు డ్రమ్ముతో కలిసే ఉంటుంది కనుక దాని జోలికి పోవద్దు. ముందు చక్రానికి మీ హబ్బునే ఉంచి 21 అంగుళాల రిమ్ము, కొత్త స్పోకులతో అల్లించుకోండి. పాత 19 అంగుళాల రిమ్ముకు నూనె పూసి అటక మీద పెట్టండి. వెనుక 19 అంగుళాల రిమ్ముకు 4.00 సైజు ట్రయల్స్ టైరు వేస్తే చైనుకూ మడ్‌గార్డుకూ తగులుతుందో లేదో చేత్తో తిప్పి చూసుకోండి. ఇసుకలో, బురదలో గాలిని ఆరేడు పౌండ్లకు తగ్గించి నడపాలంటే టైరును రిమ్ముకు బిగించి పట్టే రిమ్ లాక్ తప్పనిసరి, లేకుంటే టైరు రిమ్ము మీద తిరిగిపోయి ట్యూబు వాల్వును పీకేస్తుంది. తారు రోడ్డు ఎక్కేముందు గాలి మళ్లీ నింపుకోవడం మరచిపోకండి.

వెడల్పు హాండిల్ బార్, ఒంటి సీటు, తేలికైన అల్యూమినియం మడ్‌గార్డులు, పైకి లేచిన సైలెన్సర్: ఇవన్నీ ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించుకోవచ్చు. ఫుట్‌రెస్టులను మాత్రం నిలబడి నడిపేటప్పుడు బరువు వెనుక చక్రం మీద పడేలా పట్టీల సాయంతో రెండు మూడు అంగుళాలు వెనక్కి జరపాలి. అప్పుడు కుడి పక్క గేరు లివరు పాదానికి అందదు, ఫరవాలేదు, సెక్షన్ అంతా మొదటి గేరులోనే పోతుంది. ఎడమ పక్క బ్రేకు పెడల్ అందకపోతే మాత్రం ఫరవాలేదనడానికి లేదు, దానికి పొడిగింపు చేయించండి. ఇంకొకటి: బుల్లెట్ ఫ్రేములో ఇంజన్ కింద ఇనుప గొట్టాలు ఉండవు, ఇంజనే అక్కడ ఫ్రేముగా పనిచేస్తుంది. దుంగ దాటేటప్పుడు నేరుగా దెబ్బ తినేది అల్యూమినియం కేసే. కాబట్టి ఇంజన్ బిగించే బోల్టులకే తగిలించిన మందపాటి రేకు ఒకటి కింద ఉండాలి. మీ మెకానిక్ వెనుక ఫ్రేము కోయమన్నది చూపుకు మాత్రమే. దానివల్ల తగ్గే బరువు ఒక బస్తాలో పదో వంతు కూడా ఉండదు, సుమారు 160 కిలోల బండిలో అది లెక్కకు రాదు.

కాగితాల పరంగా కూడా కోయకపోవడమే మేలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండ్లకు వర్తిస్తాయి, మీ 1969 బండి ఆ వయసు దాటింది. కానీ ఆ నిబంధన చాసిస్, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలని అంటుంది, పైగా అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. రోజూ స్కూలుకు వెళ్లాలని ఉంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకొకసారి చేసే రెన్యువల్ దారిలో బతికించుకోవాలి. ఏ దారిలో వెళ్లినా ముందు పెదనాన్నగారి పేరు నుంచి వారసుల పేరుకు మార్చాలి, దానికి ఫారం 31 ఉంది. పెద్దమ్మగారు, వారి పిల్లలు ఉంటే వారి అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి. బండి తళతళలాడాక వచ్చే హక్కుదారుల సంఖ్య తుప్పుపట్టి ఉన్నప్పటికన్నా ఎక్కువ.

కొండలు లేని చోట ట్రయల్స్ ఏమిటని మీ స్నేహితులు నవ్వుతారు. నవ్వనివ్వండి. మీ కొబ్బరి తోటలోనే నాలుగు కొబ్బరి దుంగలను అడ్డంగా పరచి, మధ్యలో ఒక బోదె దాటించి, చెట్ల మధ్య మలుపులు తిప్పి, ఇరవై గజాల సెక్షన్ గుర్తుపెట్టుకుంటే అందులో కాలు ఆనకుండా బయటపడటానికి మీకు ఒక వేసవి పడుతుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు లంక ఇసుక మరొక పాఠం నేర్పుతుంది. కాలువ గట్ల మీదకు మాత్రం తడి ఉన్నప్పుడు ఎక్కకండి. టైరు దున్నిన చాలు నుంచే వరదలో గండి మొదలవుతుంది, ఆ సంగతి ఓవర్సీరుగారి ఇంట్లో నేను చెప్పనక్కరలేదు.

ఈ ఆదివారం మూడు చోట్లా నూనె దించి, మూడు సీసాలనూ ఎండలో పెట్టి ఫోటో తీసి పంపండి. ఏ సీసాలో నీటి పొర ఎన్ని వేళ్ల మందం ఉందో స్కేలు పెట్టి కొలిచి రాయండి. ప్రైమరీ డబ్బాను వెంటనే విప్పాలా, తరువాత విప్పవచ్చా అన్నది ఆ కొలత చూశాక చెబుతాను.